గుండెను కొలవడం సరే, ఆగే వీలెవరికి ఉంది?

పొద్దుగాల వరంగల్ భద్రకాళి బండ్ మీద నడిచే వాళ్లలో చాలామంది చేతికి ఇప్పుడు స్మార్ట్ వాచీ కనిపిస్తుంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా, నిద్రలో ఎంతకు దిగింది, అన్నీ అందులోనే చూసుకుంటున్నారు. మంచిదే. కానీ అదే పూట ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ గుండె అంతకన్నా గట్టిగా, అంతకన్నా చాలా ఎక్కువసేపు పనిచేస్తుంది. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో కానిస్టేబుల్ కొలువు కోసం ఉరికే పిల్లల గుండె కూడా అంతే. వాళ్ల గుండెను లెక్కపెట్టే వాళ్లు లేరు. అంతకన్నా పెద్ద తేడా మరొకటి ఉంది. బండ్ మీద నడిచే మనిషికి ఛాతీలో పట్టినట్టు అనిపిస్తే ఆగిపోతాడు. హమాలీ ఆగితే కూలి పోతుంది, అభ్యర్థి ఆగితే ఉద్యోగం పోతుంది. దీర్ఘశ్రమలో గుండె గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను పక్కన పెడితే మిగిలేది వాచీల ప్రకటన మాత్రమే.

ముందు శరీరం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని బయటికి తోస్తుంది. గట్టిగా ఉరికితే ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషిలో అది 20 లీటర్ల దాకా పోతుంది. ఏళ్ల తరబడి సాధన చేసిన గొప్ప క్రీడాకారుల్లో 35 లీటర్లు దాటిన సందర్భాలున్నాయి. కొట్టుకునే వేగం పెరుగుతుంది, ఒక్కో దెబ్బకు బయటికి వెళ్లే రక్తమూ పెరుగుతుంది. మొదటి కొన్ని నిమిషాల్లో ఇంతే. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

పది ఇరవై నిమిషాలు దాటాక, వేగం కాస్త కూడా పెంచకపోయినా గుండె లెక్క, అంటే నిమిషానికి కొట్టుకునే సంఖ్య, మెల్లగా పైకి పోతూ ఉంటుంది. వైద్యులు దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. పనిచేసే కండరాలు వేడిని పుట్టిస్తాయి. ఆ వేడిని బయటికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. చెమట రూపంలో నీళ్లు పోయి రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, ఒక్కో దెబ్బకు తోసేది తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాలి. ఎండాకాలంలో నీళ్లు అడుగంటిన బోరు మోటారు ఆగకుండా తిరుగుతూనే కొంచెం కొంచెం పోసినట్టు ఉంటుంది అప్పటి గుండె పరిస్థితి.

ఈ ఒక్క విషయం మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో మాటల్లో చెప్పలేను. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఎండలు 45 డిగ్రీలు తాకే రోజులు దాదాపు ప్రతి వేసవిలోనూ వస్తాయి. జనవరి పొద్దున 130 దగ్గర నిలిచిన గుండె లెక్క, మే నెలలో అదే దూరానికి, అదే వేగానికి 150 దాటొచ్చు. చెరువు పక్కన, వరి మళ్ల పక్కన గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది. చల్లటి దేశాల్లో రాసిపెట్టిన శిక్షణ పట్టికలను తెచ్చి మన పిల్లల ముందు పెట్టే కోచ్‌లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. పిల్లవాడు "దమ్ము అస్తలేదు సార్" అంటే అది ప్రతిసారీ బద్ధకం కాదు.

ఇక కొలిచే సాధనాల సంగతి. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం ఉబ్బి తగ్గడాన్ని పసిగట్టి గుండె వేగాన్ని లెక్కిస్తుంది. కూర్చున్నప్పుడు, నెమ్మదిగా నడిచేటప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. పట్టీ వదులైనా, చెయ్యి బాగా ఊగినా, మణికట్టు వంచి బరువు ఎత్తినా లెక్క తప్పుతుంది. ఒక్కోసారి గుండె దెబ్బలకు బదులు అడుగుల లయనే గుండె వేగంగా చూపిస్తుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండెలోని విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి పరుగులో దాన్ని ఎక్కువ నమ్మొచ్చు. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ కంపెనీ తీగలు లేకుండా అలాంటి సాధనాన్ని 1980ల మొదట్లోనే మార్కెట్లోకి తెచ్చింది. ఇక అందరి నోటా వినిపించే సూత్రం, 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం అనేది, సగటు లెక్క మాత్రమే. 2001లో వచ్చిన మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. ఏ సూత్రం వాడినా అసలు గరిష్ఠానికి పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండే మనుషులు కోకొల్లలు. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నది ఇప్పటికీ చవకైన, నమ్మదగిన కొలత.

ఏళ్ల తరబడి సాధన చేస్తే గుండె ఆకారమే మారుతుంది. స్వీడన్ వైద్యుడు హెన్షెన్ 1899లోనే స్కీయింగ్ క్రీడాకారుల ఛాతీ మీద వేళ్లతో తట్టి చూసి, వాళ్ల గుండె పెద్దదిగా ఉందని తేల్చాడు. గదులు విశాలమవుతాయి, గోడలు కాస్త మందమవుతాయి, విశ్రాంతిలో లెక్క 50 కిందికీ దిగుతుంది. చాలావరకు ఇది ఆరోగ్య లక్షణమే. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ కూడా మారథాన్ పూర్తిచేసిన చాలామందిలో పెరిగి, రెండు మూడు రోజుల్లో మామూలు స్థాయికి వస్తుంది. ఈ సంగతులు తెలియని చోట ఆరోగ్యంగా ఉన్న క్రీడాకారుడిని రోగి అనే ప్రమాదం ఉంది, రోగిని క్రీడాకారుడు అనుకొని వదిలేసే ప్రమాదమూ ఉంది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 2000 నుంచి 2010 మే దాకా అమెరికాలో మారథాన్, హాఫ్ మారథాన్ ఉరికిన కోటికి పైగా మంది లెక్క తీస్తే, గుండె ఆగినవాళ్లు 59 మంది, చనిపోయినవాళ్లు 42 మంది. అంటే పరుగు వల్ల గుండె ఆగడం చాలా అరుదు. బతికినవాళ్లలో ఎక్కువగా కనిపించింది ఒకటే, పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. అయితే అక్కడ ఉరికినవాళ్లు నెలల తరబడి సిద్ధమై, తమ ఇష్టంతో వచ్చినవాళ్లు. మధ్యలో నడవొచ్చు, ఆగొచ్చు. కొలువు కోసం ఉరికేవాళ్లను ఆ లెక్కలో కలపలేం.

జార్ఖండ్‌లో 2024 ఆగస్టులో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షలు జరిగాయి. మగవాళ్లు గంటలో 10 కిలోమీటర్లు ఉరకాలన్నది అప్పటి షరతు. ఉక్కపోతలో జరిగిన ఆ పరుగుల్లో పది మందికి పైగా యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత గానీ పొద్దున 9 గంటలు దాటాక పరుగు పెట్టొద్దన్న ఆదేశం రాలేదు. మన తెలంగాణలో 2022 పోలీసు నియామకాల్లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. దూరం తక్కువే, భారం మాత్రం తక్కువ కాదు. అటవీ శాఖ కొలువులకైతే మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ పిల్లలు ఈ పరీక్షలకు నెలల తరబడి తమంతట తామే సిద్ధమవుతారు. పొద్దున నాలుగున్నరకు లేచి తారురోడ్డు మీద ఉరుకుతారు, చాలామంది ఏమీ తినకుండా. ఈసీజీ ఒక్కసారైనా తీయించుకున్నవాళ్లు ఎంతమందో వాళ్లనే అడగండి.

35 ఏళ్ల లోపు వాళ్లలో పరుగులో గుండె ఆగడానికి తరచూ కనిపించే కారణాల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, గుండె కండరం అసహజంగా మందమవడం, వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు రావడం ఉన్నాయి. 35 దాటితే ఎక్కువగా రక్తనాళాల్లో అడ్డంకులే. "మీ ఇంట్లో 50 ఏళ్ల లోపే ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా? ఉరికేటప్పుడు ఎప్పుడైనా కండ్లు తిరిగి పడ్డావా?" ఈ రెండు ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. ఇటలీ 1982 నుంచి పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు 89 శాతం తగ్గాయని 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇజ్రాయెల్‌లో అలాంటి చట్టం వచ్చాక తగ్గుదల కనిపించలేదు కాబట్టి దీని మీద వాదన ఇంకా నడుస్తోంది. నా మట్టుకు, ప్రభుత్వమే పెట్టే పరుగుకు ముందు ప్రభుత్వమే ఒక ఈసీజీ తీయించడం న్యాయం. దాంతోపాటు మరొకటి కావాలి. ఛాతీ నొప్పితోనో, కండ్లు తిరిగో ఆగిన అభ్యర్థికి, డాక్టరు రాసిస్తే, మరో రోజు అవకాశం ఇవ్వాలి. అలాంటి నియమం లేనంత కాలం ఒంట్లో తేడా తెలిసినా ఆగమని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేరు.

హమాలీల సంగతి ఇంకా కష్టం. పోయిన యాసంగిలో ఒక వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర లారీకి 40 కిలోల బస్తాలు ఎత్తుతున్న ఒకాయన కల్లం అంచున కూలబడ్డాడు. "ఏం కాక, దమ్ము అస్తలేదా?" అంటే, "దమ్ము కాదు బిడ్డా, కండ్లు తిరుగుతున్నయ్. జర కూసుంటే పోతది" అన్నాడు. మణికట్టు పట్టుకొని నాడి లెక్కపెట్టాను. కూర్చున్న మొదటి నిమిషంలో చివరి అర నిమిషానికి 68, అంటే 136. మూడో నిమిషం చివరి అర నిమిషానికి 64, అంటే 128.

ఈ లెక్క నా సొంతం కాదు. అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికుల శ్రమను పరిశీలించిన శరీరధర్మ శాస్త్రవేత్త లూసియన్ బ్రౌహా పద్ధతి ఇది. పని ఆపి కూర్చున్నాక మొదటి నిమిషం లెక్క 110 లోపు ఉండి, మూడో నిమిషానికి కనీసం 10 తగ్గితే గుండె ఆ పనిని మోయగలుగుతోందని అర్థం. 110 దాటితే తర్వాతి దఫా పని సమయంలో మూడో వంతు తగ్గించి, విశ్రాంతి మాత్రం అంతే ఉంచాలన్నది అమెరికా కార్మిక భద్రతా మార్గదర్శకాల్లో ఉన్న నియమం. గడియారం, రెండు వేళ్లు ఉంటే చాలు. ఆయనకు 136 ఉంది, రెండు నిమిషాల్లో ఎనిమిదే దిగింది. గుంపు మేస్త్రీతో మాట్లాడి నీడకు తీసుకెళ్లి, ఉప్పేసిన మజ్జిగ తాగించాం. అరగంటకు లెక్క 96కు వచ్చింది. ఆ అరగంటలో ఆయన వాటా బస్తాలు మిగతావాళ్లు ఎత్తారు. రెండోసారి అలా అడగడానికి ఆయనకు మొహం చెల్లదు.

బస్తా లెక్కన కూలి ఇచ్చే చోట నాడి పట్టుకుని ఏం లాభం అనొచ్చు. ఒక్క నాడే పట్టుకుంటే లాభం లేదు నిజమే. అందుకే విశ్రాంతిని హమాలీ నిర్ణయానికి వదిలేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో లారీకి గుంపులో ఇద్దరు ఎక్కువుంటే వంతులవారీగా కూర్చోవచ్చు. ఆ ఇద్దరి కూలిని హమాలీ చార్జీల్లోనే కలపాలి. పన్నెండు నుంచి నాలుగు దాకా లోడింగ్ ఆపితే లారీ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే. కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యులకు ఈ మూడు నిమిషాల లెక్క ఒక్క పూటలో నేర్పొచ్చు. వాళ్లు తూకాలూ తేమ శాతాలూ రోజూ రాస్తూనే ఉన్నారు, ఇది అంతకన్నా కష్టమేమీ కాదు.

2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి బతికించే పద్ధతిలో, శిక్షణ మొదలుపెట్టింది. మార్కెట్ యార్డుల హమాలీ సంఘాలకు, స్టేడియాల కోచ్‌లకు, ఆటో డ్రైవర్లకు ఆ శిక్షణ ముందుగా అందాలి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కేవాళ్లు లేనప్పుడు, కరెంట్ షాక్ అందడంలో ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. 108 వచ్చేదాకా ఆగే సమయం అది కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ నొక్కే చేతులు పక్కనే ఉండాలి, షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం పరుగెత్తి తెచ్చేంత దగ్గర్లో ఉండాలి. ఫిబ్రవరికల్లా ఎనుమాములకు మిర్చి పోటెత్తుతుంది. ఆలోపు యార్డులో ఒకటి, జేఎన్ఎస్ స్టేడియంలో ఒకటి ఏఈడీ పెట్టించి, అవి ఎక్కడున్నాయో ప్రతి హమాలీకి, ప్రతి అభ్యర్థికి చూపించాలి.