సవరణ: స్పిన్నింగ్ మ్యూల్ క్రాంప్టన్‌ది

ఇంగ్లండ్‌లోని బోల్టన్ నూలు మిల్లుల మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో నూలు వడికే యంత్రం స్పిన్నింగ్ మ్యూల్‌ను రిచర్డ్ ఆర్క్‌రైట్ కనిపెట్టినట్టు ఉంది. అక్కడ శామ్యూల్ క్రాంప్టన్ అని చదువుకోవాలి. ఆర్క్‌రైట్ బోల్టన్‌లో మంగలి పని, విగ్గుల వ్యాపారం చేసిన మాట నిజమే. కానీ 1769లో ఆయన పేటెంట్ తీసుకున్నది వాటర్ ఫ్రేమ్ అనే మరో నూలు వడికే యంత్రానికి. నీటితో నడిచే మిల్లు పెట్టింది కూడా డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో.

మ్యూల్ 1779లో బోల్టన్ దగ్గరే ఒక పాత ఇంట్లో తయారైంది. రోలర్లు ఏకును సాగదీసి వదులుతుంటే, కదుళ్లున్న బండి వెనక్కి జరుగుతూ దాన్ని ఇంకా సాగదీసి పురి పెడుతుంది. బండి మళ్లీ ముందుకొచ్చేటప్పుడు నూలు కదుళ్లకు చుట్టుకుంటుంది. సన్నగానూ గట్టిగానూ ఉండే ఆ నూలు వల్లే బోల్టన్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు బట్ట మన మస్లిన్‌కు పోటీగా నిలబడగలిగింది.

ఈ పేరు మారితే క్రాంప్టన్‌కు రెండోసారి అన్యాయం చేసినట్టే. ఆయన పేటెంట్ తీసుకోలేదు. చందాలు వేసుకుని ఇస్తామన్న మిల్లు యజమానుల మాట నమ్మి యంత్రం గుట్టు విప్పాడు. చేతికొచ్చింది సుమారు 60 పౌండ్లు. ఆర్క్‌రైట్‌కు 1786లో సర్ బిరుదు వచ్చింది. క్రాంప్టన్‌కు పార్లమెంటు 5,000 పౌండ్లు ఇచ్చింది 1812లో. అప్పటికే లక్షల కదుళ్లు ఆయన పద్ధతిలో తిరుగుతున్నాయి.