మహారాజశ్రీ కాపీ పేస్టు గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను, నేను కోడ్ రాసుకునే నోట్‌బుక్‌లూ లేవు. తమరు మాత్రం నాలుగు ఫైళ్లలో నాలుగు రూపాల్లో దివ్యంగా వెలుగుతున్నారని నిన్ననే తెలిసింది.

వయసు కాలమ్‌లో ఖాళీ ఉన్న చోటల్లా సగటు నింపే మూడు లైన్లు గుర్తున్నాయా? మొదటి నోట్‌బుక్‌లో నేను రాశాను. మిగతా మూడింటికీ తమరే మోసుకెళ్లారు, కూలి కూడా అడగలేదు. తర్వాత చూస్తే ఆ కాలమ్‌లో అక్కడక్కడా 999 ఉంది. వయసు తెలియనప్పుడు ఎవరో అలా కొట్టేశారట. ఒక చోట సరిదిద్ది హాయిగా పడుకున్నాను. మిగతా మూడు చోట్లా ఆ 999 ఏళ్ల తాతలు సగటును పైకి లాగుతూనే ఉన్నారు. ఒకే డేటా, నాలుగు రిపోర్టులు, రెండు సగట్లు. మీటింగ్‌లో "ఏది కరెక్టు?" అని అడిగితే నీళ్లు నమిలాను.

పైగా ఆ సగటు తీసింది మొత్తం డేటా మీద. మోడల్ నేర్చుకోవడానికి ట్రెయినింగ్ డేటా, దాన్ని పరీక్షించడానికి టెస్ట్ డేటా అని విడగొట్టింది ఆ తర్వాత. సగటు వల్ల టెస్ట్ డేటా నుంచి ట్రెయినింగ్‌లోకి లీకయ్యేది చుక్కే అనుకోండి. కానీ మోడల్ ఊహించాల్సిన జవాబుల కాలమ్‌తో పోల్చి పనికొచ్చే కాలమ్‌లను ఏరే లైను కూడా విడగొట్టక ముందే ఉంది. అక్కడ కుండకే చిల్లు. స్కోరు చూసి మురిసిపోయిన మాకు, కొత్త డేటా వచ్చిన రోజు తెలిసింది.

అందుకే సైకిట్-లెర్న్ అనే పైథాన్ మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ పద్ధతిలో ఒక క్లాసు రాశాను. ఫిట్ అనే ఫంక్షన్‌లో ట్రెయినింగ్ డేటా సగటు నేర్చుకుని దాచుకుంటుంది, ట్రాన్స్‌ఫామ్ అనే ఫంక్షన్‌లో టెస్ట్ డేటాకీ అదే వాడుతుంది. 999ని లోపల పాతిపెట్టకుండా, బయటి నుంచి మార్చుకునేలా పేరామీటర్‌గా ఇచ్చాను. ఫిట్ చివర సెల్ఫ్‌ను, అంటే ఆ ఆబ్జెక్టునే, రిటర్న్ చేయడం మరిచి అరపూట 'చేతికేమీ రాలేదు' అనే నన్‌టైప్ ఎర్రర్‌తో కుస్తీ పట్టాను, ఆ పాపం తమది కాదు లెండి. కాలమ్‌లు ఏరే పనినీ దీనితో కలిపి, పనులను వరసగా నడిపే పైప్‌లైన్‌లో పెడితే, డేటాను ఫోల్డ్‌లనే ముక్కలు చేసి ఒక్కోదాన్నీ పక్కనపెట్టి పరీక్షించే క్రాస్ వాలిడేషన్‌లో ప్రతి ఫోల్డ్‌కీ రెండూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాయి. మూడు లైన్ల పనికి ఇరవై లైన్లా అని తమరు నవ్వుతారు. నవ్వండి.

ఇక తమకూ నాకూ చెల్లు.

ఇట్లు,
తమ మాజీ భక్తుడు

తా.క.: ఆ క్లాసు ఇప్పుడు రెండో నోట్‌బుక్‌లోకీ కావాలి. విడి ఫైల్లో పెట్టి ఇంపోర్ట్ చేసుకోవాలని తెలుసు. కానీ రాత్రి పన్నెండు దాటింది. ఒక్కసారి ఇటు వచ్చి వెళ్తారా?