బ్లేడ్ రన్నర్‌లో ఆ ముగ్గురూ బొమ్మలేనా?

కొన్ని వారాలుగా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ళ ఫోన్లలో ఒక రాత తిరుగుతోంది. రిడ్లీ స్కాట్ తీయగా 1982లో విడుదలైన ‘బ్లేడ్ రన్నర్’లోని ముగ్గురు నటీమణులు అలంకారానికి నిలబెట్టిన బొమ్మలని, మరమనుషుల పాత్రలు గనుక వారికి నటించే పనే లేదని, జోరా పాత్రకు పేరు తెచ్చిన పరుగు డూపుదేనని, ఆ సినిమాతోనే ముగ్గురూ కనుమరుగయ్యారని, 2017లో వచ్చిన రెండో భాగంలో షాన్ యంగ్ మళ్ళీ నటించి పాత నటనలోని డొల్లతనాన్ని తానే బయటపెట్టుకుందని అందులోని వాదన. పర్లాకిమిడిలో ఉండే మా మామయ్య దాన్ని నాకు పంపిస్తూ, “ఇన్నేళ్ళుగా నువ్వు ఊదరగొట్టింది ఈ సినిమా గురించేనట్రా?” అని అడిగారు. ఆయనకు ఇచ్చిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మరమనుషులన్న మాట సంగతి చూద్దాం. ఈ కథలో రెప్లికెంట్లని పిలిచే ఆ కృత్రిమ మనుషులు ఇనుముతోనూ తీగలతోనూ చేసినవారు కారు. రక్తమాంసాలతో తయారై, పైకి చూస్తే మనిషికీ తమకూ తేడా తెలియకుండా తిరిగేవారు. అలా తెలియదు గనుకనే కథలో ఒక పరీక్ష పెట్టారు. మనసును కలతపెట్టే ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, ఎదుటివారి కంటిపాపలో వచ్చే మార్పును యంత్రంలో చూస్తారు. మామూలుగా 20, 30 ప్రశ్నలతో తేలిపోయే సంగతి షాన్ యంగ్ వేసిన రేచెల్ అనే రెప్లికెంట్ దగ్గర తేలడానికి 100కు పైగా పట్టాయి, ఎందుకంటే తాను మనిషినేనని ఆమె నమ్ముతోంది. ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే చాలునన్న పాత్రే అయితే, రెండో ప్రశ్నకే ఆట ముగిసి ఉండేది.

షాన్ యంగ్ నటన ఎక్కడుందని అడిగేవారు రెప్లికెంట్లను వేటాడే కథానాయకుడు డెకార్డ్ ఇంట్లో సాలీడు ప్రస్తావన వచ్చే ఘట్టాన్ని నిదానంగా చూడాలి. చిన్నతనంలో కిటికీ బయట గూడు అల్లిన సాలీడు గురించి ఆమె తనలోనే దాచుకున్న జ్ఞాపకాన్ని అతను ఏదో ఫైలు చదువుతున్నంత తేలికగా చెప్పడం మొదలుపెడతాడు. గుడ్డు పగిలిందనే దగ్గర ఆ మాటను ఆమె అందుకుంటుంది; వంద పిల్లలు బయటికి వచ్చి తల్లిని తినేశాయని తానే పూర్తి చేస్తుంది. అప్పుడు కూడా గొంతు పెరగదు. ఆ జ్ఞాపకం తనది కాదని, రెప్లికెంట్లను తయారుచేసే టైరెల్ మేనకోడలిదని తెలిసేసరికి కళ్ళు మాత్రం నిండుతాయి. తర్వాత పియానో ముందు కూర్చుని జుట్టు విప్పుకున్నప్పుడు, పాఠాలు నేర్చుకున్నట్టు గుర్తుంది గానీ నేర్చుకున్నది తానో ఆ మేనకోడలో తెలియదని అంటుంది. 1981లో ఈ చిత్రీకరణ జరిగేనాటికి ఆ నటికి 21 ఏళ్ళు.

బొమ్మలన్న మాటకు ప్రిస్ అనే మరో రెప్లికెంట్ పాత్రే సూటి జవాబు. ఆ పాత్రలో డారిల్ హానా ఈ కణత నుంచి ఆ కణత దాకా, కళ్ళ మీదుగా నల్లరంగు పట్టీ చిమ్ముకుని, సెబాస్టియన్ అనే అతను చేసిన ఆటబొమ్మల మధ్య ముసుగు వేసుకుని కూర్చుంటుంది. మా బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టేవారిని దగ్గర నుంచి చూసినవారికి ఇది కొత్త కాదు: ఒంటి నిండా చారలు దిద్దేదాకా కదలకుండా నిలబడిన మనిషి, డప్పు మీద దెబ్బ పడగానే పులి అవుతాడు, ఆ కదలకపోవడం కూడా వేషంలో భాగమే. వేటాడటానికి వచ్చినవాడిని ఏమార్చడానికి ప్రిస్ బొమ్మలా కూర్చుంది. అది ఆ పాత్ర పన్నిన ఎత్తు. అతను ముసుగు ఎత్తిన తర్వాత జరిగేది, తుపాకి పేలిన తర్వాత నేల మీద ఆ కాళ్ళూ చేతులూ కొట్టుకునే తీరు చూసి కూడా బొమ్మ అనగలిగినవారికి నేను చెప్పగలిగేది ఏమీ లేదు. అంతకు ముందు ఘట్టంలో, సెబాస్టియన్‌ను చూసి బెదిరి పరుగెత్తిన హానా తడినేల మీద జారి, బండి అద్దాన్ని మోచేత్తో పగలగొట్టింది. అది ముందుగా అనుకున్నది కాదు, పగిలింది నిజమైన అద్దం, చిట్లింది నిజమైన ఎముక. ఆ జారుడు సినిమాలో అలాగే ఉంది.

డూపు విషయంలో ఆ రాతలో సగం నిజముంది. అద్దాలు బద్దలు చేసుకుంటూ జోరా పరుగెత్తే దృశ్యంలో ఉన్నది స్టంట్ కళాకారిణి లీ పుల్‌ఫర్డ్. పాత ప్రతుల్లో ఆమె విగ్గు తేడా మామూలు కంటికే పట్టుబడుతుంది. అయితే 2007లో వచ్చిన చివరి ప్రతి కోసం, జోరా పాత్ర వేసిన, అప్పటికి 60 దాటిన జొయానా క్యాసిడీ తిరిగి వచ్చి తల కదలికలను చిత్రీకరింపజేసుకోగా, ఆ ముఖాన్ని పాత దృశ్యంలో అమర్చారు. అసలు ఆ పాత్ర బలం పరుగులో లేదు, అంతకు ముందు దుస్తులు మార్చుకునే గదిలో ఉంది. కళాకారుల సంఘం నుంచి వచ్చానంటూ ముక్కుగొంతుతో నసిగే డెకార్డ్‌ను ఆమె నమ్మినట్టే నమ్మి, తల ఆరబెట్టుకుంటూ, సమయం చూసి కొడుతుంది. మెడలో వేసుకున్న కొండచిలువ క్యాసిడీ సొంతంగా పెంచుకుంటున్నదే. నిజమైన పామును కొనే స్తోమతే ఉంటే ఇలాంటి చోట పనిచేస్తానా అని అంతటి నిజమైన పామును పట్టుకుని అడుగుతుంది!

అలంకారం అన్న ఆరోపణలో నేను ఒప్పుకునే భాగం కూడా ఉంది. వెళ్ళిపోబోతున్న రేచెల్‌ను డెకార్డ్ తలుపు మూసి ఆపి బలవంతపెట్టే ఘట్టాన్ని నేను సమర్థించను. జోరాను వెనక నుంచి కాల్చి, ఆమె కూలిపోవడాన్ని అంత ముచ్చటగా, అంత నెమ్మదిగా చూపడమూ నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ఆ తప్పు రాసినవారిది, తీసినవారిది. దాన్ని నటీమణుల పద్దులో రాయడం న్యాయం కాదు. ఇక కథ నడిపేది మగవాళ్ళేనన్న మాటకొస్తే, కథానాయకుడు జోరా చేతిలోనూ, లియోన్ అనే మరో రెప్లికెంట్ చేతిలోనూ, ప్రిస్ చేతిలోనూ వరసగా దెబ్బలు తినడమే సినిమాలో ఎక్కువ. లియోన్ చేతిలో చావవలసినవాడు బతికింది రేచెల్ పేల్చిన తుపాకి వల్ల.

కనుమరుగయ్యారన్నది పచ్చి అబద్ధం. హానా 1984లో ‘స్ప్లాష్’లో కథానాయిక. అదే ఏడాది షాన్ యంగ్ ‘డ్యూన్’లోనూ, 1987లో ‘నో వే అవుట్’లోనూ ఉంది. క్యాసిడీకి ‘బఫలో బిల్’ టీవీ ధారావాహికకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, 1988లో ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’లోనూ నటించింది.

చివరిది 2017 నాటి ‘బ్లేడ్ రన్నర్ 2049’ మాట. అందులో రేచెల్‌గా నడిచి వచ్చిన దేహం లోరెన్ పెటా అనే నటిది. దాని మీద షాన్ యంగ్ పాత ముఖాన్ని కంప్యూటర్‌తో తీర్చి నిలిపారు. దాన్ని ఆమె కొత్త నటనగా లెక్కవేసి పాత నటనకు మార్కులు తగ్గించడం, ఫొటో చూసి మనిషి మాట్లాడలేదని తప్పుపట్టడం లాంటిది. పైగా, అచ్చం అదే ముఖం ఎదుట నిలిచినా ఆమె రేచెల్ అని డెకార్డ్ ఒప్పుకోడు. అసలు రేచెల్ కళ్ళు ఆకుపచ్చవని చెప్పి ముఖం తిప్పుకుంటాడు. 1982 నాటి దగ్గరి దృశ్యాల్లో ఆ కళ్ళు గోధుమరంగులో, పరీక్ష యంత్రం తెర మీద మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. ఇది చెబితే మామయ్య నమ్మలేదు. ఆ రాత్రే పాత సినిమా పెట్టుకుని, ఆ చోట ఆపి, మళ్ళీ ఫోన్ చేశారు.