బీపీ మాత్ర మానేస్తే మెదడుకు రక్తం పెరుగుతుందా?

"ఎమ్మారైలో తెల్ల మచ్చలు కనిపిస్తే మెదడుకు రక్తం అందడం లేదన్నమాట. వెంటనే రక్తప్రవాహ స్కాన్ చేయించండి. బీపీ మాత్ర తగ్గించండి, లేకపోతే అందే కాస్త రక్తం కూడా అందదు. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటే చిన్న నాళాలు తెరుచుకుంటాయి." వాట్సాప్‌లో చేతులు మారుతున్న సందేశం సారాంశం ఇది. నాలుగు సలహాల్లో ఒక్కటీ సరిగ్గా నిలబడదు. మూడోది మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

మచ్చల సంగతి ముందు. అరవై దాటిన చాలామందికి ఇవి ఎంతో కొంత ఉంటాయి. రిపోర్టులో 'ఫాజెకాస్ 1' అని ఉంటే, 0 నుంచి 3 వరకు ఉన్న కొలతలో అది తేలికపాటి మెట్టు. మచ్చలు ఎక్కువున్నవారిలో సగటున రక్తప్రవాహం తక్కువగా ఉండే మాట నిజమే. అయితే రక్తం తగ్గి కణజాలం చెడిందా, చెడిన కణజాలానికి అవసరం తగ్గి రక్తం తగ్గిందా అన్నది తేలలేదు.

ఇక స్కాన్. సూది మందు లేకుండా ఎమ్మారైతో రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. మెడ దగ్గర రక్తంలోని నీటికి రేడియో తరంగాలతో గుర్తు పెడతారు. సుమారు రెండు సెకన్లు ఆగి మెదడును చిత్రిస్తారు. గుర్తు లేని చిత్రంలోంచి దీన్ని తీసేస్తే మిగిలే తేడా ఒక శాతం అటూఇటూ. చిక్కేమిటంటే, మచ్చలుండే తెల్ల పదార్థానికి రక్తం తక్కువగానూ ఆలస్యంగానూ చేరుతుంది. తూము దగ్గర కలిపిన రంగు చివరి మడికి చేరేలోపే వెలిసిపోయినట్టు, అక్కడికి వెళ్లేసరికి గుర్తు చెరిగిపోతుంది. వందల మందిని పోల్చే పరిశోధనకు ఇది పనికొస్తుంది. మీ ఒక్కరికి మందు మార్చాలా వద్దా అన్నది దీన్ని చూసి తేల్చలేరు.

బీపీ తగ్గిస్తే మెదడు ఎండిపోతుందన్న భయం ఒకప్పుడు వైద్యులకూ ఉండేది. నాళాలు గట్టిపడితే పీడనానికి తగ్గట్టు సర్దుకోలేవు కదా! అందుకే బ్రిటన్‌లో 'ప్రిజర్వ్' ప్రయోగంలో, ఈ మచ్చలకు ఎక్కువగా కారణమయ్యే చిన్న నాళాల జబ్బు ముదిరినవారినే తీసుకుని పరీక్షించారు. ఒక బృందానికి పై బీపీ 130–140, మరో బృందానికి 125 కంటే తక్కువ. మూడు నెలల తర్వాత పైన చెప్పిన స్కాన్‌తోనే కొలిస్తే, గట్టిగా తగ్గించినవారిలో రక్తప్రవాహం అదనంగా పడిపోలేదు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అమెరికాలోని 'స్ప్రింట్' పరిశోధనలోనైతే పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవారిలో మచ్చలు పెరగడం నెమ్మదించింది, రక్తప్రవాహం కొద్దిగా పెరిగింది కూడా. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే అది వేరే విషయం: నిలబెట్టి బీపీ చూడమని డాక్టరును అడగండి, మోతాదు ఆయనే మారుస్తారు. సొంతంగా మాత్ర ఆపవద్దు.

చివరిగా పలచబడే మాత్ర. ఈ జబ్బులో ప్రధానంగా చెడేది నాళం గోడ, అది మందమై బిరుసెక్కుతుంది. ఆ మాత్రలు ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా ఆపుతాయి తప్ప గోడను బాగుచేయవు. చిన్న నాళం మూసుకుని స్ట్రోక్ వచ్చిన 3,020 మందిలో ఆస్పిరిన్‌కు అలాంటిదే మరో మాత్ర క్లోపిడోగ్రెల్ జోడించి చూశారు. 2012లో ఫలితం ప్రచురించారు. మళ్లీ స్ట్రోక్ రావడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు దాదాపు రెట్టింపయ్యాయి, మరణాలూ పెరిగాయి. స్ట్రోక్ వచ్చినవారికి ఆస్పిరిన్ రాసేది అందుకు తగిన కారణంతోనే. స్ట్రోకే రాని మనిషి, రిపోర్టులోని మచ్చను చూసి మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదది.