మెడలో కర్ర, నోట పాట

2023 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో జరిగిన జూనియర్ యూరోవిజన్ పాటల పోటీకి పదహారు దేశాలు పిల్లల్ని పంపాయి. అందులో ఐర్లాండ్‌ది పదహారో స్థానం. అంతకు రెండేళ్ల ముందు పారిస్‌లో పంతొమ్మిది దేశాలు పోటీపడితే పద్దెనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది. అయినా 2024లో మాడ్రిడ్ పోటీకి ఆ దేశం నుంచి మళ్లీ ఒక అమ్మాయి బయలుదేరింది. మళ్లీ ఇంగ్లిషులో కాక, ఆ దేశపు సొంత భాష ఐరిష్‌లోనే పాడింది. ఈ పట్టుదల మాకు ఎంతో నచ్చింది. తెలుగువారు దీని గురించి తెలుసుకోవాలని, కాస్త ఆలోచించాలని మా కోరిక.

యూరప్ ప్రసార సంస్థల సంఘం పిల్లల కోసం ఈ పోటీని 2003లో కోపెన్‌హాగన్‌లో మొదలుపెట్టింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలు పాడతారు. పాట మూడు నిమిషాలు మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇంకొకటుంది. పాటలో కనీసం 60 శాతం సొంత దేశపు భాషలో ఉండాలి. యూరోవిజన్ పేరుతోనే ఏటా జరిగే పెద్దల పాటల పోటీలో భాష నిబంధనను 1999లో తీసేశారు. అప్పటి నుంచి అక్కడ ఏ దేశం పాట విన్నా చాలావరకు ఇంగ్లిషే వినిపిస్తోంది. ఐర్లాండ్ ఆ పెద్దల పోటీలో ఏడుసార్లు గెలిచింది, ఏడుసార్లూ ఇంగ్లిషు పాటతోనే. ఆ వేదిక మీద ఐరిష్ భాషలో పాడింది ఒకే ఒక్కసారి, 1972లో. ఇన్నేళ్లలో రెండో పాట రాలేదు. పెద్దలు వదిలేసిన బరువును పిల్లలు ఎత్తుకున్నారన్నమాట.

ఎత్తుకోమని పిలిచింది టీజీ4 అనే చిన్న టీవీ చానల్. పెద్దల పోటీని ఐర్లాండ్ జాతీయ ప్రసార సంస్థ ఆర్‌టీఈ చూసుకునేది. పిల్లల పోటీ జోలికి పన్నెండేళ్ల పాటు ఐర్లాండ్ నుంచి ఎవరూ వెళ్లలేదు. చివరికి 2015లో టీజీ4 ముందుకొచ్చింది. ఐరిష్ భాష కోసమే 1996లో పుట్టిన చానల్ అది. రాజధాని డబ్లిన్‌లో కాక, ఆ భాష ఇంకా ఇళ్లలో బతికి ఉన్న పడమటి తీరంలో, గాల్వే దగ్గరి కానమారా ప్రాంతంలో కార్యాలయం పెట్టుకుంది. మొదటి ఏడు బల్గేరియా రాజధాని సోఫియాలో పన్నెండో స్థానం వచ్చింది. రెండో ఏడు మాల్టాలో పాడిన పాట పేరుకు ‘ఇటుక మీద ఇటుక’ అని అర్థం. పదో స్థానం వచ్చింది. తర్వాత వరసగా రెండేళ్లు పదిహేను, ఆపైన మళ్లీ పన్నెండు. 2020లో కొవిడ్ వల్ల వెళ్లలేదు. 2022లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ‘వెలుగు’ అనే అర్థం వచ్చే పేరున్న పాటతో నాలుగో స్థానం దక్కింది. మరుసటి ఏడాదే నీస్‌లో అట్టడుగుకు పడింది. ఇన్ని ఎత్తుపల్లాల్లోనూ ఆ చానల్ ఐరిష్ భాషను వదల్లేదు.

ఆ భాష ఏ స్థితి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ పాటల విలువ అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లాండ్‌లోని చాలా ఊళ్లలో పిల్లల మెడలో దారంతో ఒక చిన్న కర్ర కట్టేవారు. ‘బాటా స్కోర్’ అనేవారు దాన్ని. పిల్లవాడి నోట ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా ఆ కర్ర మీద ఒక గాటు. సాయంత్రం పంతులు గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు కొట్టేవాడు. గాట్లు పెట్టింది పంతులొక్కడే కాదు, ఇంట్లో తల్లిదండ్రులు కూడా. వాళ్లు కసాయివాళ్లు కారు. 1845లో మొదలైన మహా కరువులో పది లక్షల మంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు. మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. అమెరికాలో కూలి దొరకాలన్నా ఇంగ్లిషు రావాలి. బిడ్డ బతకాలంటే భాష పోయినా ఫరవాలేదనుకున్నారు. పిల్లల మీద ప్రేమతోనే కర్ర మీద గాటు పెట్టారు.

ఇది చదివిన తెలుగువారికి 2009 గుర్తుకు రావాలి. కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగులో మాట్లాడారని పిల్లల మెడల్లో పలకలు తగిలించారు. ఇక ఎన్నడూ తెలుగు మాట్లాడనని వాటి మీద ఇంగ్లిషులో రాసి ఉంది. ఆ వార్త వచ్చినప్పుడు రాష్ట్రమంతా భగ్గుమంది. నాలుగు రోజులకు చల్లారింది. పలకలు లేకుండానే అదే పని చేస్తున్న బడులు ఈరోజుకీ తక్కువేం కాదు. మన తల్లిదండ్రులను మేము తిట్టబోవడం లేదు. కరువునాటి ఐరిష్ తల్లి భయమే వేరే రూపంలో మన ఇళ్లలోనూ ఉంది. బిడ్డకు ఉద్యోగం రావాలి, వీసా రావాలి. ఆ భయాన్ని వెక్కిరించి ఎవరూ భాషను నిలబెట్టలేరు.

అలాగే ఒక్క చట్టంతోనూ నిలబెట్టలేరు. స్వతంత్రం వచ్చాక ఐర్లాండ్ తన భాషను బడుల్లో తప్పనిసరి చేసింది. దాదాపు ప్రతి పిల్లవాడూ పదమూడేళ్లకు తక్కువ కాకుండా చదువుతాడు. 2022 జనాభా లెక్కల్లో 18,73,997 మంది తమకు ఐరిష్ వచ్చునన్నారు. బడి బయట రోజూ మాట్లాడేవారు మాత్రం 71,968 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలోనే అసలు విషయమంతా ఉంది. తెలంగాణ 2018లో ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. కానీ మార్కుల కోసం చదివిన భాష పరీక్ష హాలు గడప దాటి రాదని ఐర్లాండ్ నూరేళ్ల అనుభవం చెబుతోంది. పిల్లలు ఆడుకునేటప్పుడు, అలిగినప్పుడు, స్నానాల గదిలో గొంతెత్తినప్పుడు ఆ భాష వాళ్లంతట వాళ్లకు నోటికి రావాలి.

పాట చేసే పని ఇదే. గొంతు లోపలి నుంచి ‘ఖ’కూ ‘హ’కూ మధ్యగా పలకాల్సిన ధ్వని ఒకటి ఐరిష్‌లో ఉంది. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే పిల్లకు అది ఒక పట్టాన పలకదు. మన పిల్లల నోట ‘ళ’, ‘ణ’ జారిపోతున్నట్టే అక్కడ అదీ జారిపోతోంది. బడిలో పంతులు వందసార్లు దిద్దినా కుదరని ధ్వని, వేదిక మీద పాడాల్సి వచ్చేసరికి కుదురుతుంది. ఎందుకంటే ఆ పిల్ల ఇప్పుడు దాన్ని తన కోసం నేర్చుకుంటోంది. టీజీ4 దీన్ని ఒక్క పోటీతో వదిలేయలేదు. కార్టూన్లు ఐరిష్‌లో మాట్లాడతాయి. 2023లో పిల్లల కోసమే ‘కూలా4’ అని ప్రత్యేక చానల్ వచ్చింది. ఆ రోజువారీ పనికి జూనియర్ యూరోవిజన్ ఏడాదికోసారి వచ్చే తిరునాళ్ల లాంటిది.

చిన్న భాషలో పాడితే ఓటమి తప్పదన్న వాదన ఒకటుంది. బ్రిటన్‌లో భాగమైన వేల్స్ అనుభవాన్ని చూపిస్తారు. వెల్ష్ భాషా చానల్ ఎస్4సీ 2018లో మిన్స్క్‌కు వెళ్లి ఇరవైలో ఇరవయ్యో స్థానం, మరుసటి ఏడు పంతొమ్మిదిలో పద్దెనిమిదో స్థానం తెచ్చుకుంది. ఆపైన మళ్లీ రాలేదు. మాకది బాధగానే ఉంది. కానీ జార్జియా సంగతేమిటి? నలభై లక్షల జనాభా కూడా లేని దేశం, ప్రపంచంలో మరెవరూ వాడని లిపి. అయినా నాలుగుసార్లు గెలిచింది. స్థానాలు పాటను బట్టి, ఆ రోజును బట్టి మారుతాయి. మమ్మల్ని నిజంగా కలవరపెట్టేది వేరే విషయం. పదకొండేళ్ల పిల్ల యూరప్ మొత్తం ముందు నిలబడి, చివరి స్థానం తనదని తెర మీద చూడాల్సి రావడం. దేశపు భాషను మోసే పని పిల్లలకు అప్పగించినప్పుడు, ఓడిపోయి వచ్చిన పిల్లను భుజం మీద ఎక్కించుకునే పెద్దలూ ఉండాలి. అదే పాటను ఆ మరునాడు బడిలో అందరూ కలిసి పాడాలి. అలా చేయలేని దేశం పిల్లల్ని పోటీకి పంపకపోవడమే మంచిది.

ఇక మన సంగతి. ఐరిష్ చానల్ పుట్టిన 1996లోనే ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం ‘పాడుతా తీయగా’ మొదలైంది. పాట ఆగాక ఆయన పిల్లల్ని దగ్గరకు పిలిచి ‘ళ’ దిద్దేవారు, పాడిన మాటకు అర్థమేమిటో అడిగేవారు. తెలుగు ఉచ్చారణకు ఆ కార్యక్రమం చేసిన మేలు తక్కువ కాదు. అంతకుముందు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల చేతే మైకు పట్టించారు. అప్పుడు పిల్లల కోసమే రాసిన పాటలుండేవి. ఇప్పుడు టీవీ వేదిక మీద పదేళ్ల పిల్ల పాడేది ఎక్కువగా సినిమాలో పెద్దలు పెద్దల కోసం పాడుకున్న విరహ గీతం. ఆ పిల్లకు గొంతు ఉంది, తాళం ఉంది, తన వయసు పాట మాత్రం లేదు.

తెలుగు చానళ్లను మేము అడిగేది పెద్ద కోరికేమీ కాదు. పిల్లల పాటల పోటీల్లో వారానికి ఒక్క అంచెలో అయినా కొత్తగా రాసిన తెలుగు పాట పెట్టండి. మూడు నిమిషాలు చాలు. దోమల గురించి రాయండి, బస్సులో కిటికీ పక్క సీటు కోసం గొడవ గురించి రాయండి, నాన్న గల్ఫ్‌లో ఉన్న పిల్ల ఫోను కోసం ఎదురుచూడటం గురించి రాయండి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆ పాటల్ని ఏటా సంకలనంగా తెచ్చి బడులకు పంపాలి. ప్రార్థన అయ్యాక వారానికో పాట చొప్పున నేర్పే బాధ్యతను ఒక టీచరుకు అప్పగించాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి కనీసం పది పాటలు సిద్ధం కావాలి.