నీళ్ళు పీల్చని పుట్టి

మా నల్లగొండకు సముద్రం లేదని ఎవరన్నారు? పానగల్లు చెరువు పేరు ఉదయసముద్రం. కందూరు చోళుల కాలం నాటిది. చెరువుకు సముద్రమని పేరు పెట్టే ధైర్యం వాళ్ళకు ఉన్నప్పుడు, రిటైరైన లెక్కల సారు ఒక పాత స్పీడు బోటు కొనుక్కుంటే తప్పేమిటన్నది నా వాదన. "మనింట్ల స్కూటరు పెట్టెతందుకే తావు లేదు" అన్నది మా ఆవిడ వాదన. వాదనలో ఆమే గెలిచింది. బోటు మాత్రం వచ్చింది.

హైదరాబాదులో ఒక పాత సామాన్ల గోదాములో దొరికింది. 14 అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు. ఇంజను లేదు. స్టీరింగు ఉంది, చక్కగా తిరుగుతుంది కూడా, కానీ దాని అవతలి కొస ఎక్కడా తగిలించి లేదు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నా చేతికి వచ్చేసరికి ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మా తరం పళ్ళ రంగుకు తిరిగింది. అందుకేనేమో, చూడగానే సొంత మనిషిలా అనిపించింది.

డీసీఎంలోంచి దించుతుంటే వాడకట్టంతా చుట్టూ చేరింది.

"సారూ, గిది ఏడ నడుపుతరు?"

"సాగర్‌ల."

"సాగర్ ఈడికెంచి అరవై కిలోమీటర్ల మీదనే ఉంటది గద?"

"ముందుగాల రంగేసినంక జూద్దాం" అన్నాను. ఆ ఒక్క మాట మీద నెల రోజులు గడిచాయి.

ముహూర్తం కూడా పెట్టుకున్నాను. మృగశిర కార్తె నాడు ఎట్లాగూ చేపలు తినాలి. ఆ రోజు బోటును సాగర్ వెనుక నీళ్ళలో దించి, నేరేడుగొమ్ము దిక్కు వైజాగ్ కాలనీలో వేయించిన చేపలు తిని రావాలని. ఆ పేరు విని మా మనుమడు సంబరపడ్డాడు, వైజాగు పోతున్నామని. వైజాగు కాదురా, నల్లగొండ జిల్లానే అంటే వాడి మొహం మాడింది.

పనికి కార్ల డెంటింగు, పెయింటింగు చేసే భాయ్‌ని పట్టుకొచ్చాను. ఆయన బోటు చుట్టూ మూడుసార్లు తిరిగి, వేలితో కొట్టి చప్పుడు విని, "బండిలెక్కనే ఉన్నది సార్, చక్రాలే లెవ్వు" అని తేల్చాడు. నేను అప్పటికే ఈ విద్య గురించి బాగా చదివి ఉన్నాను. ఫైబరు పడవకు పైన జెల్‌కోట్ అని ఒక పొర ఉంటుంది, మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. మెరుపంతా దానిదే. ఎండకు అదే సుద్దలా మారి చేతికి అంటుకుంటుంది. గరుకు కాగితంతో మెల్లగా పైపొర మాత్రమే తీయాలి, 400, 600 నంబరు కాగితాన్ని నీళ్ళతో తడుపుతూ రుద్దాలి. ఇదంతా భాయ్‌కి పాఠంలా చెప్పి, మంచినీళ్ళు తాగి వచ్చేలోపల ఆయన 80 నంబరు ముతక కాగితం మిషనుకు తగిలించి ముక్కు దగ్గర లోపలి గాజు నార బయటపడేదాకా చెక్కేశాడు.

"తుప్పు కోసం జూసిన సార్" అన్నాడు.

ఆ గాజు దుమ్ము సంగతి అనుభవించిన వాళ్ళకే తెలుసు. దురదగొండి దాని ముందు పసిబిడ్డ. పనికి ముందు చేతులకు పౌడరు పూసుకోవాలి, తర్వాత చల్లటి నీళ్ళతోనే కడుక్కోవాలి, వేడినీళ్ళు పోస్తే చర్మంలోకి ఇంకా దిగుతుందని అంటారు. మే నెలలో నల్లగొండలో మిద్దె మీది ట్యాంకు నుంచి చల్లటి నీళ్ళు ఎట్లా వస్తాయి? నల్లా తిప్పితే చాయ్ కాచుకునే నీళ్ళొచ్చాయి. మూడు రాత్రులు నేను గోడకు వీపు రుద్దుకుంటుంటే, ఆ గోడకు రంగెప్పుడేస్తావని ఆవిడ అడిగింది.

నార బయటపడ్డ చోట గ్లాస్ మ్యాట్ అనే గాజు నార గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు పూయాలి. ఇక్కడ నేను భాయ్‌ని దగ్గరికి రానీయలేదు, ఎందుకంటే ఇది శాతాల లెక్క. కిలో రెజిన్‌కు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 1 నుంచి 2 శాతం, అంటే 10 నుంచి 20 గ్రాములు. పని గట్టిగా ఉండాలని 20 గ్రాములే తూచాను. స్నానాల గదిలోంచి కొత్త మగ్గు తెచ్చాను. కిలో రెజిన్ పోసి, హార్డెనర్ కలిపి, కుంచె ముంచి, ముక్కు దాకా నడిచాను. ఎనిమిది అడుగులు. అది రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగో అడుగుకు మగ్గు వెచ్చబడింది. ఆరో అడుగుకు చేయి కాలింది. ఎనిమిదో అడుగుకు మగ్గులోంచి పొగ లేచింది, కుంచె అందులోనే నిలువునా గడ్డకట్టింది. హార్డెనర్ పడగానే రెజిన్ తనలో తనే వేడెక్కుతుంది. వెడల్పు పళ్ళెంలో పలచగా పోస్తే ఆ వేడి గాలికి పోతుంది. లోతైన మగ్గులో అయితే పోయే దారి లేక వేడి వేడిని పెంచుకుంటూ పోతుంది. మగ్గు అడుగు కరిగి ఇసుకలో దిగింది. నేను లెక్క తప్పలేదు. ముప్పై ఏళ్ళు బడిలో చేయించిన లెక్కల్లో 'ఉష్ణోగ్రత మారదనుకొనుము' అని ఉండేది, అంతే. ఆ రోజు బయట 44 డిగ్రీలు.

ఆ మగ్గు, కుంచె, రెజిన్ కలిసి ఇప్పుడు ఒకే వస్తువు. మా ఇంట్లో తలుపుకు అడ్డం పెడతాం, కదలదు.

తర్వాత వెడల్పు పళ్ళెం, 10 గ్రాములు, తెల్లవారుజామున 5 గంటలు. అట్లా కుదిరింది. ఇక గుంతలు పూడ్చడానికి పుట్టీ. ఇక్కడొక చిక్కు. కార్లకు కొట్టే పుట్టీలో సుద్దపొడి లాంటిది ఉంటుంది, అది తడి పీలుస్తుంది. పడవ అడుగున వాడితే ఉబ్బి, రంగును పొట్టులా లేపుతుంది. ఎపాక్సీ పుట్టీ కావాలి. మా ఊళ్ళో నాలుగు షాపులు తిరిగినా దొరకలేదు. సరిగ్గా అప్పుడే మా మేనమామ ఫోను. ఆయనది చందంపేట దిక్కు, సాగర్ వెనుక నీళ్ళ ఒడ్డు. నాకంటే పదేళ్ళే పెద్ద, చెవులు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్దవి.

"అల్లుడా, పడవ పని ఏందాక వచ్చింది?"

"పుట్టీ కాడ ఆగింది మామా. మంచి పుట్టీ దొరుకుత లేదు."

"నల్లగొండల ఏం దొరుకుతది. అసొంటిది గావాల్నా?"

"నీళ్ళు పీల్చనిది గావాలె మామా."

మామకు రోషం వచ్చింది. "మా ఊరి పుట్టి సుక్క నీళ్ళు పీల్వది. మిరుగు నాటికి నేను తెస్త పో" అని పెట్టేశాడు. మామ ఊళ్ళో ఎపాక్సీ అమ్మే షాపు ఎప్పుడు పెట్టారా అని అనుమానం రావలసింది. రాలేదు. అయినా ఆగలేక హైదరాబాదు నుంచి డబ్బా తెప్పించుకున్నాను. తెప్పించుకున్న సంగతి మామకు చెప్పడం మరిచాను.

భాయ్‌కి ఒక్కటే చెప్పాను. "ఒక్క బొక్క గూడ కనబడొద్దు." ఆ మనిషి మాట మీద నిలబడేవాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

రంగుకు నీడ కావాలి. ఎండలో పిచికారీ కొడితే రంగు సర్దుకోకముందే ఆరిపోయి నారింజ తొక్కలా గుంతలు పడుతుంది. పానగల్లు గుడిలో ఛాయా సోమేశ్వరుడికి పొద్దంతా నీడ తప్పదు, మా వాకిట్లో బారెడు నీడ లేదు. టెంటు హౌసు నుంచి గులాబీ రంగు షామియానా తెచ్చి కట్టించాను. ఎండాకాలం ఇంటిముందు టెంటు పడిందంటే మన దగ్గర రెండే అర్థాలు. పొద్దున పదింటికల్లా ఇద్దరు ముసలివాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వచ్చి గంభీరంగా కూర్చున్నారు. ఒకాయన మెల్లగా, "ఎప్పుడు పోయిండు?" అని అడిగాడు. నేను గేటు తీసుకుని ఎదురు రాగానే ఆయన మొహంలో కనిపించింది సంతోషమని నేను ప్రమాణం చేయలేను. చాయ్ తాగి, బోటు చూసి, సల్లగుండమని చెప్పి పోయారు.

రంగు మాత్రం అద్భుతంగా వచ్చింది. కింద నీలం, పైన తెలుపు, మధ్యలో సన్నటి ఎర్ర గీత. ఒక్క దోమ అతుక్కుంది ఎడమ పక్కన, దాన్ని అట్లాగే ఉంచాం. ఆ మెరుపులో మా ఆవిడ కొప్పు సర్దుకోవడం నేను కళ్ళారా చూశాను. సర్దుకుంటూనే, "ఇంజను?" అంది. వినబడనట్టు పక్కకు తిరిగాను.

మృగశిర ముందటి రాత్రి వాన పడింది. మామూలు వాన కాదు, షామియానా కర్రలు విరిగి ఎదురింటి గోడ మీద పడ్డాయి. తెల్లవారి వాకిట్లోకి వస్తే బోటు ఇటుకల మీద అట్లాగే ఉంది, అంచు దాకా నీళ్ళతో. వాన నీళ్ళు, మిద్దె తూము నీళ్ళు, అన్నీ అందులోకే. నీళ్ళ మీద బోటు చూద్దామనుకున్న వాణ్ణి, బోటులో నీళ్ళు చూస్తున్నాను.

ఇట్లాంటి బోటుకు వెనుక కింది భాగాన ఒక బొక్క ఉంటుంది. ఒడ్డు మీద ఉన్నప్పుడు బిరడా తీస్తే లోపలి నీళ్ళు పోవడానికి. ఆ చోటికి వంగి చూశాను. నున్నగా ఉంది, నీలంగా మెరుస్తోంది, నా మొహం కనబడుతోంది.

భాయ్ వచ్చాడు. బోటు చుట్టూ తిరిగి, కింద ఇటుకలు తడిమి చూసి, ఛాతీ విరిచాడు. "ఒక్క సుక్క గార్త లేదు సార్!"

ఆ రోజు నల్లా రాలేదు. వాడకట్టు ఆడవాళ్ళు బిందెలతో వరుస కట్టారు. వంటకు కాదులెమ్మని, గిన్నెలు తోముకోవడానికని. మా ఆవిడ వరుసను దగ్గరుండి నడిపింది. నెల రోజుల్లో ఆమె ఆ బోటు పక్కన నవ్వుతూ నిలబడ్డది అదే మొదటిసారి.

పదకొండు గంటలకు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ముందు మామ దిగాడు. వెనుక, ట్రాలీకి అటూ ఇటూ పొడుచుకొచ్చి, తాళ్ళతో కట్టిన పెద్ద గుండ్రటి పుట్టి. వెదురు అల్లి, తారు పూసి, నదిలో చేపలు పట్టేది. దాని మధ్యలో నీళ్ళ డ్రమ్ము.

"నీళ్ళు పీల్వదు, సూస్కో" అన్నాడు మామ, పుట్టిని అరచేత్తో కొట్టి.

నాకు నోట మాట రాలేదు. మామ నా వెనుక ఉన్న బోటు చూశాడు, దాని నిండా నీళ్ళు చూశాడు, మొహం వెలిగింది.

"అగో, ముందుగాలనే నింపిపెట్టినవా! తెలివి గలోనివి."

వద్దు మామా అనేలోపలే డ్రమ్ము మూత తీసి, అయిదు కిలోల కొర్రమట్టలను ప్రాణాలతో బోటులో కుమ్మరించాడు. అవి స్టీరింగు కింద నుంచి దూరి సీటు అడుగుకు పోయాయి. మనుమడు అంచెక్కి కేకలు పెట్టాడు. బోటు కొన్నాక వాడు అంత సంబరపడటం నేను చూడలేదు.

పన్నెండు గంటలకు ఆవిడ మసాలా నూరి చేపల కోసం పిలిచింది. కొర్రమట్ట చేతికి చిక్కే చేప కాదు, అందులోనూ నున్నటి కొత్త రంగు మీద. నేను, భాయ్, మామ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగాం. గంటసేపు పట్టింది ఒక్కటి దొరకడానికి. చివరకు భాయ్ డ్రిల్లు మిషను తెచ్చాడు, వెనుక ఒక బొక్క కొడితే నీళ్ళు పోతాయి, చేపలు మిగులుతాయని.

"ఆ రంగు మీద గీత గూడ పడొద్దు" అన్నాను.

నలుగురం చెంబులు తెచ్చుకుని తోడటం మొదలుపెట్టాం. మామ తోడుతూ తోడుతూ ఆగి, బోటు పొడవును ఒకసారి, వెడల్పును ఒకసారి చూశాడు.

"పడవ మంచిగనే ఉన్నది అల్లుడా. గీ చేపలకు జర ఇరుకైతాంది, అంతే."