ఖయామత్ (ప్రళయం) తారీఖు చెప్పే దుకాణం: కొత్తగా పెట్టేవారికి సూచనలు

ఓరుగల్లులో ఏ దుకాణం తెరిచినా ముందు అడ్వాన్సు, తర్వాత అద్దె, ఆ తర్వాత పక్క దుకాణపాయన ఏడుపు. భవిష్యత్తు చెప్పే దుకాణానికి ఇన్ని బాధల్లేవు. మండిబజార్ సందులో ఆరడుగుల గది దొరికితే చాలు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్ల, లోబాన్ పొగ, నెమలి ఈకల కట్ట, ఆయతులు (ఖురాన్ వాక్యాలు) రాసి కడిగి తాగించడానికి ఒక చీనా ప్లేటు, కుంకుమపువ్వు సిరా. కుంకుమపువ్వు ధర విని కళ్లు తిరిగితే బిర్యానీ రంగు కలుపుకోండి, తాగేవాళ్లకు తేడా తెలియదు. కాజీపేట స్టేషన్ దాకా కరెంటు స్తంభాలకు కాగితాలు అంటించాలి: "ప్రేమ, పెళ్లి, వీసా, శత్రునాశనం. గంటలో పరిష్కారం." గల్ఫ్‌కు పోయేవాళ్లున్న జగిత్యాలలో బ్రాంచి పెడితే వీసాను అన్నిటికంటే పైన, పెద్దక్షరాల్లో రాయించండి.

ఇబ్బంది ఒక్కటే ఉంది. బోర్డు మీద మీరు ఏ గ్రంథం పేరు వాడుకుంటున్నారో ఆ గ్రంథమే మీకు లైసెన్సు ఇవ్వలేదు.

ఖురాన్‌లో 31వ సూరా (అధ్యాయం) లుఖ్మాన్, 34వ ఆయతు. ప్రళయ ఘడియ, వాన రాకడ, గర్భంలో ఉన్నది, రేపటి సంపాదన, ఏ నేల మీద ప్రాణం పోతుందన్నది, ఈ ఐదూ అల్లాహ్‌కే తెలుసునని అందులో ఉంది. మూడోది మన దగ్గర మిషను పెట్టి చూసి ఆడో మగో చెప్పినా, లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ఊరుకోదు కాబట్టి దాని జోలికి పోకండి. నాలుగోదానికి ఎనుమాముల యార్డు మంచి పరీక్ష. ఖయామత్ ఏ ఏడో, ఏ నెలో లెక్కగట్టి చెప్పే ఆమిల్ సాబ్‌ను (తావీజులు కట్టే ఆయనను) రేపు పొద్దున తేజ మిర్చి క్వింటాలు ఎంత పలుకుతుందో అడగండి. చెప్పడు. అది తెలిసినోడు సందులో చీనా ప్లేటు ఎందుకు కడుగుతాడు, యార్డు ముందు అడ్తి పెట్టుకోడా?

ఇంతకంటే పెద్ద దెబ్బ సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం). జిబ్రయీల్ మనిషి రూపంలో వచ్చి, ఆ ఘడియ ఎప్పుడని ప్రవక్తను (స) అడిగారు. అడిగినవారికంటే తనకు ఎక్కువేమీ తెలియదని ఆయన జవాబు. అడిగింది దైవదూతల్లో పెద్ద, చెప్పాల్సింది చివరి ప్రవక్త. ఇద్దరికీ తెలియనిది మూడు ఫార్వర్డుల తర్వాత మన మేనమామకు తెలిసింది. ఇంకోసారి ఒక మనిషి వచ్చి ఇదే మాట అడిగితే, "దానికి నువ్వేం సిద్ధం చేసుకున్నావు?" అని ఎదురడిగారు. ఈ జవాబును దుకాణంలో మాత్రం వాడొద్దు. గిరాకీ లేచి పోతుంది, ఫీజు రాదు.

ఇక అసలు పనితనం: అబ్జద్ లెక్క. అరబీ అక్షరానికి ఒక్కోదానికి ఒక్కో అంకె. అలిఫ్ 1, బే 2, అట్లా పోయి గైన్ 1000. బిస్మిల్లా మొత్తం కలిపితే 786. ఆ అంకె ఉన్న నోటును ఎక్కువ ధరకు కొనేవాళ్లు ఉన్నారంటే మార్కెట్ ఎంత తయారుగా ఉందో చూడండి. వచ్చినాయన పేరు, ఆయన తల్లి పేరు తీసుకుని, అంకెలు కూడి, 12తో భాగించాలి. మిగిలిందే రాశి. ఉదాహరణకు అహ్మద్: 1, 8, 40, 4, మొత్తం 53. తల్లి మర్యమ్: 40, 200, 10, 40, మొత్తం 290. రెండూ కలిపితే 343. 12తో భాగిస్తే మిగిలేది 7, అంటే తుల. ఇప్పుడు తల్లి పేరు మర్యమ్ బీ అన్నారనుకోండి. బీకి 12. శేషం మారదు. మర్యమ్ బేగం అన్నారా, బేగంకు 72. అప్పుడూ మారదు! ఈ రెండూ చూసి శాస్త్రం గట్టిదే అనుకునేలోపు ఆధార్ కార్డు బయటకు తీస్తారు, అందులో మర్యమ్ బానో అని ఉంటుంది. బానోకు 59. శేషం 6. అహ్మద్ తులలోంచి లేచి కన్యలో కూర్చున్నాడు. పెళ్లి కుదరకపోవడానికి కారణం శని అని చెప్పాలా, ఆధార్ సెంటర్‌లో టైపు కొట్టినోడని చెప్పాలా అన్నది మీ అనుభవం మీద ఆధారపడి ఉంటుంది.

లెక్క రానివాళ్లు జిన్నులను పెట్టుకుంటారు. "నా దగ్గర జిన్ను ఉంది, అన్నీ చెప్తుంది" అనే ముందు సబా సూరా 14వ ఆయతు చూసుకోవాలి. సులైమాన్ ప్రవక్త కర్రకు ఆనుకుని నిలబడే కన్నుమూశారు. జిన్నులు మాత్రం ఆయన చూస్తున్నాడనుకుని పని చేస్తూనే ఉన్నాయి. చెద పురుగు కర్రను తొలిచి, ఆయన కింద పడేదాకా తెలియలేదు. ఎదురుగా ఉన్న యజమాని ప్రాణం పోయిందని కనిపెట్టలేని పనోళ్లు దుబాయ్‌లో మీవాడి వీసా ఏ టేబుల్ మీదుందో చెప్తారట. ఆ కథలో తెలివైంది చెదే, దానికి తావీజు కట్టేవాడు లేడు. జోస్యం పాళ్లు కూడా హదీసులో ఉన్నాయి: జిన్ను దొంగచాటుగా విన్న ఒక నిజానికి నూరు అబద్ధాలు కలుపుతారని. వాటిలో తగిలిన ఆ ఒక్కటే బస్తీలో తిరుగుతుంది. మిగతా నూరింటికి రశీదు ఇవ్వరు కాబట్టి వాపసు సమస్య లేదు.

గిరాకీ ఇచ్చే అసలు ధర మీ బోర్డు మీద ఉండదు. జోస్యగాడి దగ్గరికి పోయి ఏదైనా అడిగినవారి నమాజు 40 రాత్రులు అంగీకరించబడదని సహీహ్ ముస్లింలోనే ఉంది. రోజుకు ఐదు చొప్పున 200 నమాజులు. చదవడం మానొచ్చా అంటే, కుదరదన్నారు ఉలమా (మత పండితులు). చదవాల్సిందే, పుణ్యం రాదు. కూలి లేని వెట్టి. ఇస్తిఖారా సంగతి ఇంకా చోద్యం. ఎవరి పని వారు రెండు రకాతుల నమాజు చదివి, దుఆ (వేడుకోలు) చేసుకుని, మేలైన దారి చూపమని అడిగేది అది. కల వస్తుందన్న హామీ లేదు, మధ్యవర్తి అసలే లేడు. దాన్ని ఫోన్‌పేలో డబ్బు వేయించుకుని మనమే తీసిపెడుతున్నాం.

తారీఖుల సరుకు ఎక్కువగా పాతదే. వెయ్యేళ్లతో అంతా సరి అన్న మాట ఒకప్పుడు ముస్లిం దేశాల్లో బాగా తిరిగింది. ఇస్లామీ క్యాలెండరులో వెయ్యో ఏడు, హిజ్రీ 1000, రానే వచ్చింది, అంటే 1591. మహమ్మద్ కులీ కుతుబ్‌షా అప్పుడు చార్మినార్ కట్టిస్తున్నాడు. రేపే ప్రళయమని నమ్మిన మేస్త్రీ సున్నం అంత దిట్టంగా కలపడు. కైరోలో ఇమాం సుయూతీ అనే పండితుడు వెయ్యి లెక్కను ముందే కొట్టేశారు గానీ, పదిహేను వందలు మాత్రం దాటదని తానూ ఒక మాట అన్నారు. ఆ హిజ్రీ 1500 మొదలయ్యేది 2076లో. కాగితాలు ఇప్పుడే అచ్చు వేయించుకోండి.

1979 జూలై 11న అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలాయి. మన పల్లెల్లో రాలింది కోళ్లూ మేకలే. అది నెత్తిన పడి ఎట్లాగూ పోతున్నామని కోసుకుని తిన్నారు. అదే ఏడు నవంబరు 20న, హిజ్రీ 1400 మొదటి రోజు, జుహైమాన్ అల్ ఉతైబీ అనే మనిషి సాయుధులతో సౌదీలోని మక్కాలో కాబా ఉన్న పెద్ద మసీదును ఆక్రమించి, తన బావమరిదే మహదీ (ప్రళయానికి ముందు వస్తాడనే మార్గదర్శి) అని ప్రకటించాడు. కలల్లో కనపడ్డాడన్నదే సాక్ష్యం. ముట్టడి రెండు వారాలు సాగింది. ఆ మహదీ అందులోనే పోయాడు, 1980 జనవరిలో 63 మందికి మరణశిక్ష పడింది. కోళ్లతో పోయిన ప్రళయం నయం.

కల అంటే గుర్తొచ్చింది, షేక్ అహ్మద్ వసియత్‌నామా (వీలునామా) అనే పంచుడు కాగితం. మదీనాలో ఖాదింగా (సేవకుడిగా) ఉన్న ఆయనకు కల వచ్చిందని, ప్రళయం దగ్గరపడిందని, ఇన్ని కాపీలు పంచితే లాభం, చింపేస్తే కొడుకు పోతాడని. 19వ శతాబ్దం నుంచీ ఆ షేక్ రిటైరు కాలేదు, కలా మారలేదు. సౌదీ పండితుడు ఇబ్న్ బాజ్ అది పచ్చి అబద్ధమని రాసినా జిరాక్స్ సెంటర్ల మీద ప్రభావం పడలేదు. ప్రళయం వచ్చే క్షణానికి చేతిలో ఖర్జూరపు మొక్క ఉంటే, వీలైతే నాటేయమని ముస్నద్ అహ్మద్ అనే సంకలనంలో హదీసు ఉంది. ముప్పై కాపీలు తీయమని అందులో లేదు.

చివరగా పనివేళలు. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండింటి దాకా షట్టరు దించాలి, జుమా నమాజుకు పోవాలి కదా. ముందు వరసలో మాత్రం కూర్చోకండి. ఖుత్బాకు (నమాజు ముందరి అరబీ ప్రసంగానికి) ముందు మౌల్వీ సాబ్ మన భాషలో చెప్పే బయాన్‌లో ఆ ఐదు విషయాల ఆయతే ఎత్తుకుంటే మధ్యలో లేచి రావడం కష్టం.